రాత్రి కాన్పుకు ఎవరుంటారు?

ఆయన: లెక్కతోనే మొదలుపెడదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లని తేలింది. దేశ సగటు 21.5. రాష్ట్రంలోని సర్కారు దవాఖానాలను విడిగా తీస్తే 44.5, ప్రైవేటువి తీస్తే 81.5. అంటే ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కిన ఐదుగురిలో నలుగురు కుట్లు పడకుండా ఇంటికి రావడం లేదు. ఐదుగురిలో నలుగురికి బిడ్డను కనే ఒళ్లు కాదని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. ఇది హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల సంగతే అనుకుంటే పొరపాటు, పల్లెల్లోనూ సగం దాటింది. జహీరాబాద్‌నే తీసుకోండి. షోలాపూర్ దారిలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని, చుట్టూ చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే ఊరు. చెరకు నరికే మనిషి, మోపులు ఎత్తే మనిషి పొట్ట మీద కుట్లతో ఎన్నాళ్లకు పొలానికి పోగలదు? పోకపోతే ఆ కూలి ఎవరిస్తారు? అవసరమైన చోట ఆపరేషన్ తల్లీబిడ్డలకు ప్రాణం పోస్తుంది, అందులో నాకు రెండో మాట లేదు. అవసరం లేని చోట అది ఆమె ఒంటి మీద, ఇంటి మీద మోపిన అప్పు. ఈ అరవైలో కనీసం సగం అలాంటి అప్పే అని నా వాదన.

ఆమె: అంకెతో నాకు పేచీ లేదు, దాన్నుంచి మీరు తీస్తున్న అర్థంతోనే పేచీ. అదే రాష్ట్రంలో, ఇంచుమించు అవే సంవత్సరాల్లో, తల్లుల మరణాల లెక్క కూడా చూడండి. 2018-20లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. దేశ సగటు 97. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010-12 నాటికి అది 110. ఆపరేషన్లు 9.7 శాతం మాత్రమే ఉన్న బీహార్‌లో 118. ఆపరేషనే ఇంతమందినీ కాపాడిందని అనను. 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది, సర్కారు దవాఖానాలో కాన్పయితే, కొడుకు పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు. ఇంటి ముందుకు 102 బండి వచ్చింది. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి. అందరూ వస్తున్నారంటే బిడ్డ అడ్డం తిరిగినవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు, బీపీ పెరిగి గుర్రపువాతం అంచున ఉన్నవాళ్లు కూడా వస్తున్నట్టే. మునుపు వీళ్లు ఎడ్లబండి మీదో జీపులోనో దారి మధ్యలో పోయేవాళ్లు, ఏ సర్వేలోనూ ఆపరేషన్ల లెక్కలోకి ఎక్కేవాళ్లు కాదు. ఇవాళ బతికి, కుట్లతో మీ లెక్కలోకి ఎక్కుతున్నారు.

ఆయన: బీహార్‌ను చూపించి తెలంగాణను సమర్థించడం తేలిక. కేరళను చూపించండి. అక్కడ ఆపరేషన్లు 38.9 శాతం, తల్లుల మరణాలు లక్షకు 19. తమిళనాట 44.9 శాతం, మరణాలు 54. ఆపరేషన్లు పెరిగినకొద్దీ ప్రాణాలు దక్కుతాయన్నది నిజమైతే మనం కేరళ కంటే ఎంతో ముందుండాలి కదా? ఆ మరణాలను దించినవి సమయానికి చేరడం, రక్తం దొరకడం, బీపీ ముందే పట్టుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో 10 నుంచి 15 శాతానికి మించి ఆపరేషన్లు ఉండటానికి ఏ ప్రాంతంలోనూ కారణం లేదంది. 2015లో మళ్లీ లెక్కలు తీసి, జనాభా మొత్తంగా చూస్తే 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గిన జాడ లేదని చెప్పింది.

ఆమె: 2015లో అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని ఎవరూ ఉటంకించరు. ఫలానా శాతం సాధించాలని పాకులాడకుండా, అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేలా చూడమంది. అదే ఏడాది 194 దేశాల లెక్కలతో వచ్చిన మరో అధ్యయనం, 19 శాతం దాకా ఆపరేషన్లు పెరిగేకొద్దీ మరణాలు తగ్గుతున్నట్టు చూపింది. పైగా ఇవన్నీ దేశాల సగటులు. జహీరాబాద్‌లో ఒక తొలిచూలు మనిషికి రాత్రి రెండింటికి ఏం చేయాలో దేశ సగటు చెప్పదు.

ఆయన: సరే, పందొమ్మిదే ఖాయం చేసుకుందాం. మనది దానికి మూడింతలు. మీరు రాత్రి రెండింటి మాట ఎత్తారు కాబట్టి అక్కడికే వెళదాం, ఎందుకంటే ఈ అరవై శాతం తయారవుతున్నది అక్కడే. తొలి కాన్పు మనిషి పది గంటలకు నొప్పులతో వచ్చింది. నర్సు లోపలి పరీక్ష చేసి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుందని రాసింది. ఒంటిగంటకు మళ్లీ చూస్తే అంతే ఉంది. ఈలోగా నొప్పులు ఎన్ని వచ్చాయో, ఒక్కోటి ఎంతసేపు నిలిచిందో పొట్ట మీద చెయ్యి వేసి లెక్కబెట్టినవాళ్లు లేరు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు, నడవనివ్వలేదు. తల్లినో అక్కనో లోపలికి రానివ్వలేదు. బయట కూర్చున్నవాళ్లకు ‘ముందుకు నడవడం లేదు’ అన్న కబురు వస్తుంది. సంతకం, మత్తు, ఆపరేషన్. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న కొలత 1950ల్లో ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు గీసిన గీతల నుంచి వచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కొలతను పక్కన పెట్టేసింది. అసలు నొప్పులు ఊపందుకునేది ఐదు సెంటీమీటర్ల దగ్గర, ఆలోపు ఎంతసేపు పడుతుందన్నది మనిషికో తీరు, తల్లీబిడ్డలు బాగుంటే నెమ్మదిగా ఉందన్న ఒక్క కారణంతో తొందరపడొద్దని చెప్పింది. ఆ లెక్కన నేను చెప్పిన మనిషికి కాన్పు ఇంకా మొదలే కాలేదు. మొదలు కానిదాన్ని ఆగిపోయిందని రాశారు.

ఇదే సంగతి బిడ్డ గుండె చప్పుడు గీతలు గీసే యంత్రంతో. ఏ ఇబ్బందీ లేని తల్లికి కూడా దాన్ని ఎడతెగకుండా తగిలించి ఉంచితే ఆపరేషన్లు పెరుగుతాయని, పుట్టిన బిడ్డలకు ఫిట్స్ సగానికి తగ్గుతాయి గానీ మరణాల్లో, మెదడు పక్షవాతంలో తేడా కనిపించదని పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెబుతోంది. యంత్రం ఉన్న చోట మనిషి లేచి వెళ్లిపోతుంది, చిక్కు అక్కడే. ఒక ఆడమనిషి మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉంటే ఏమవుతుందో కూడా కాక్రేన్ లెక్క తీసింది. 2017 సమీక్షలో 26 పరీక్షలు, 15 వేలకు పైగా తల్లులు. ఆపరేషన్లు తగ్గాయి, మామూలు కాన్పులు పెరిగాయి, నొప్పి మందుల అవసరం తగ్గింది. ఇందులో ఖరీదైన వస్తువు ఏముంది?

ఆమె: ఇంతసేపూ మీరు ఆ మనిషి గురించి మాట్లాడారు గానీ, ఆమె ఏం కోరుకుంటోందో చెప్పలేదు. సర్కారు లేబర్ రూంలో అరిచిన మనిషికి ‘అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా’ అన్న మాట వినపడుతుంది. తొడ మీద దెబ్బ పడుతుంది. బిడ్డ రావడం లేదని పొట్ట మీద మోచేత్తో నొక్కుతారు, అడగకుండానే కింద కోసి, మందు సరిగా ఎక్కకముందే కుట్లు వేస్తారు. పొట్ట నొక్కడం, అందరికీ కోత పెట్టడం రెండూ వద్దని మీరు చెప్పిన 2018 సిఫార్సుల్లోనే ఉంది. కాన్పు సమయంలో తోడు ఉండనివ్వవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ సర్కారు దవాఖానాకు వచ్చే తల్లికి దాదాపు అందని మాటే. మరి అక్కనో వదిననో ఆ గదిలోంచి బయటికి రావడం చూసిన పిల్ల ‘నాకు పెద్దాపరేషనే చేయండి’ అని అడిగితే అది అజ్ఞానమా? నాకైతే అది లెక్క తెలిసిన నిర్ణయంలా ఉంది. ముహూర్తాల మీద కూడా ఊరికే నింద వేస్తారు. 2022లో ఆరోగ్య మంత్రిగా ఉన్న హరీశ్ రావు ముహూర్తం ఆపరేషన్లు వద్దని బహిరంగంగానే చెప్పారు. జహీరాబాద్‌లో పంచాంగంతో పని లేని ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, ఆ ఇళ్లలో పెద్దాపరేషన్లు లేవా? ముహూర్తం పంతులు పెట్టినంత మాత్రాన కత్తి పంతులు పట్టడు. చాలాసార్లు డాక్టరు తీరికే శుభఘడియ.

ఆయన: లేబర్ రూం తీరు మీద మీరన్నదానికి నా దగ్గర ఎదురు మాట లేదు. అది నా పక్షానికి ఉన్న పెద్ద మచ్చ. మామూలు కాన్పు మంచిదని చెప్పేవాళ్లు ముందు దాన్ని అవమానం లేని కాన్పుగా చేయాలి, ఆ తర్వాతే సలహా. ఒక్కటి మాత్రం అడుగుతాను. గదికి భయపడి ఒంటిని కోయించుకోవడాన్ని ఇష్టపూర్వక నిర్ణయం అనగలమా? గది మారితే ఆమె కోరిక మారదా?

ఆమె: మారొచ్చు. మారేదాకా ఆమెకు అడిగింది ఇవ్వాలి కదా! మీవాళ్లు గదిని మార్చకముందే అంకెను మార్చబోతారు, నా భయం అక్కడ. ఆసుపత్రులకు లక్ష్యాలు పెట్టారు, మామూలు కాన్పులు చేసిన సిబ్బందికి ప్రోత్సాహకాలు ప్రకటించారు, ఆపరేషన్లు ఎక్కువైతే సంజాయిషీ అడిగారు. ఈ దారిలో ఇంగ్లండ్ మనకంటే ముందు నడిచింది. ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద ఓకెండెన్ విచారణ నివేదిక 2022 మార్చిలో వచ్చింది. ఆపరేషన్లు తక్కువని ఏళ్ల తరబడి మెప్పు పొందిన చోట, సరైన వైద్యం అంది ఉంటే 201 మంది బిడ్డలు బతికే అవకాశం ఉండేదని, తొమ్మిది మంది తల్లుల మరణాల్లో పెద్ద లోపాలున్నాయని అది తేల్చింది. అంతకు నెల ముందే అక్కడి ఆరోగ్య వ్యవస్థ ఆపరేషన్ల శాతాన్ని ఆసుపత్రి పనితీరుకు కొలమానంగా వాడటం మానుకోమని ఆదేశమిచ్చింది. వాళ్లు ఆ కొలబద్దను పారేసిన ఏడాదే మనం దాన్ని చేతికి తీసుకున్నాం. శాతానికి భయపడిన డాక్టరు ఏం చేస్తాడు? ఇంకో గంట చూద్దాం అంటాడు. ఆ గంట బిడ్డకు గాలి అందని గంటైతే, లెక్కలో అది మామూలు కాన్పుగానే పడుతుంది. ఆ బిడ్డ మూడేళ్లకు మెడ నిలపకపోతే ఏ రిజిస్టరులోనూ పడదు.

ఆయన: ఓకెండెన్ నివేదికను నేనూ పక్కన పెట్టను. లక్ష్యాలు వద్దు, అది మీకు వదిలేస్తాను. ప్రోత్సాహకం కూడా వద్దు. కానీ ఆ నివేదికలో ఇంకా ఏముందో చూడండి. చాలినంత సిబ్బంది లేకపోవడం, శిక్షణ లేకపోవడం, మిడ్‌వైఫ్‌లూ డాక్టర్లూ ఒకరి మాట ఒకరు వినకపోవడం, తల్లులు చెప్పుకున్నది చెవిన పెట్టకపోవడం. నేను అడుగుతున్న మందు వాటికే. 2017లో తెలంగాణ, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ మిడ్‌వైఫ్ పాత అర్థంలో మంత్రసాని కాదు. ఏ కాన్పు తన చేతిలోది, ఏది డాక్టరు చేతిలోకి పోవాలి అని గీత గీయడమే ఆమె చదువులో ముఖ్యమైన పాఠం.

పస్తాపూర్ సంగతి మీకు తెలిసిందే. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల దళిత ఆడవాళ్లు అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చిరుధాన్యాల విత్తనం దాచారు, మాచనూరులో 2008 నుంచి సొంత రేడియో నడుపుకున్నారు, 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వ్యవసాయ శాస్త్రవేత్తలే వచ్చి వాళ్ల దగ్గర కూర్చుని వింటారు. విత్తనం విషయంలో ఆడవాళ్ల చేతి నేర్పును నమ్మిన ఇదే నేల మీద, కాన్పు విషయంలో ఆడమనిషి చేతిని నమ్మే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

ఆమె: మంచి పోలికే, కానీ సగం దూరమే నడుస్తుంది. విత్తనం మొలవకపోతే వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. కాన్పు తర్వాత గర్భసంచి గట్టిపడకపోతే తల్లి చేతిలో ఉండేవి నిమిషాలు. బాలింతకు రక్తం ధార కట్టినప్పుడు నేర్పుతో పాటు ఫ్రిజ్‌లో ఆమె గ్రూపు రక్తం కావాలి. పైగా మన దగ్గర గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు, అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 53 శాతం. వేరేవాళ్లు తట్టుకునే నష్టాన్ని వీళ్లు తట్టుకోలేరు.

ఆయన: రక్తహీనత మాట మీరు ఎత్తడం మంచిదైంది. ఆపరేషన్‌లో పోయే రక్తం మామూలు కాన్పులో పోయేదానికి దాదాపు రెట్టింపు. రక్తం లేని మనిషికి ఆపరేషన్ సురక్షితమని ఎలా అంటాం? ఇక ధార కట్టడం గురించి. 2023లో వెలువడిన ఈ-మోటివ్ పరీక్ష కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, 2 లక్షల 10 వేల మంది తల్లులతో జరిగింది. బిడ్డ బయటపడగానే తల్లి నడుము కింద గరాటులాంటి ప్లాస్టిక్ సంచి పరిచారు. దాని మీద గీతలుంటాయి. గుడ్డలూ దూదీ తడిసినదాన్ని చూసి ఎంత పోయిందో ఊహించే పని లేదు, గీత చూస్తే చాలు. రక్తం గీత దాటగానే ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్నీ ఒకేసారి చేశారు: పొట్ట మీద మర్దన, ఆక్సిటోసిన్, ట్రనెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడ చిరిగిందో పరీక్ష. లీటరు పైన రక్తం పోవడం, దానివల్ల పొట్ట తెరవాల్సి రావడం, ప్రాణం పోవడం ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6కు దిగాయి. ఆ గీత దగ్గర నిలబడింది చాలా చోట్ల మిడ్‌వైఫే, సర్జన్ కాదు.

ఆమె: ఆ పరీక్ష గొప్పదే, రేపే జహీరాబాద్‌కు ఆ సంచులు రావాలని నేనూ కోరుకుంటాను. దానికి పెద్ద ఖర్చూ లేదు. మీరు అమెరికా వైపు కూడా చూడాలి మరి. 2018లో వచ్చిన ఎరైవ్ పరీక్షలో ఇబ్బందులేమీ లేని 6,106 మంది తొలి కాన్పు తల్లులను తీసుకున్నారు. సగం మందికి 39వ వారంలోనే మందులిచ్చి నొప్పులు తెప్పించారు, మిగతావాళ్ల విషయంలో ఆగి చూశారు. ముందుగా తెప్పించినవాళ్లలో ఆపరేషన్లు 18.6 శాతం, ఆగిచూసినవాళ్లలో 22.2. వైద్యం జోక్యం చేసుకుంటే ఆపరేషన్లు పెరుగుతాయన్న మీ సిద్ధాంతం ప్రతిసారీ నిలవదు.

ఆయన: అక్కడ నొప్పులు తెప్పించాక ఓపిక పట్టారు. ఉమ్మనీరు పోయి ఆక్సిటోసిన్ మొదలయ్యాక కూడా గంటల తరబడి చూసి గానీ విఫలమైందని అనలేదు. ఆ ఓపిక లేని చోట అదే మందు నేరుగా ఆపరేషన్ బల్ల దగ్గరికి దారి తీస్తుంది. మళ్లీ పక్కనుండే మనిషి దగ్గరికే వస్తున్నాం.

ఇంకో సంగతి, దీన్ని చెప్పకుండా నా వాదన పూర్తి కాదు. మొదటి ఆపరేషన్‌తో ఆగిపోదు. గర్భసంచి మీద మచ్చ ఉంటే తర్వాతి కాన్పులో మాయ ఆ మచ్చలోకి వేళ్లు తన్ని ఊడిరాకుండా పోవచ్చు. 2006లో అమెరికాలో వేలాది ఆపరేషన్లను పరిశీలించినప్పుడు, మాయ కిందికి ఉన్న తల్లుల్లో ఇలా అతుక్కుపోవడం మొదటి ఆపరేషన్‌లో 3 శాతం, రెండోదానిలో 11, మూడోదానిలో 40 శాతం కనిపించింది. అలాంటి కేసు జహీరాబాద్‌కు వస్తే చేయగలిగిందల్లా బండి ఎక్కించడమే.

ఆమె: మూడోది ఎక్కడుందండీ? 2019-21 సర్వే నాటికే తెలంగాణలో తల్లికి సగటున 1.8 మంది పిల్లలు. పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలా ఇళ్లలో రెండో కాన్పు, పిల్లల ఆపరేషన్ ఒకే బల్ల మీద అయిపోతాయి. మీరు చూపే 40 శాతం భయం ఈ తల్లికి తగలదు. ఆమె దృష్టిలో లెక్క సూటిగా ఉంది: రెండుసార్లు కోత, ఆ తర్వాత జీవితాంతం ఈ పని లేదు.

ఆయన: అది బలమైన మాట, ఒప్పుకోక తప్పదు. అయినా రెండో కాన్పుకు కోత ఎందుకు ఖాయమైందో అడగాలి. మొదటిదానికి పడింది కాబట్టి. మచ్చ ఉన్నా మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్లలో గర్భసంచి చిట్లడం వెయ్యికి ఏడు దాకానే కనిపించింది. కానీ ఆ ఏడుగురి కోసం థియేటరు, మత్తు డాక్టరు ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండాలి. అది లేదు గనుక ఏరియా ఆసుపత్రి ప్రయత్నించదు, ప్రయత్నించకపోవడం న్యాయమే. నేర్పు కూడా పోయింది. 2000లో ఎదురుకాళ్ల బిడ్డల మీద జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఆపరేషనే మేలని తేల్చాక, ఒక తరం డాక్టర్లు ఎదురుకాళ్ల బిడ్డను చేత్తో తీయడం నేర్చుకోలేదు. అప్పటికే నొప్పులు ముదిరి, కాళ్లు బయటికొచ్చి వచ్చిన తల్లికి ఇప్పుడు ఎవరున్నారు?

ఆమె: చూశారా, మీ నోటితోనే అన్నారు. థియేటరు, మత్తు డాక్టరు ఇరవై నాలుగు గంటలూ ఉండాలని. అదే నేను మొదటి నుంచీ అంటున్నది. ఆ రెండూ రాత్రంతా ఉంటే డాక్టరు సాయంత్రం ఆరింటికే తొందరపడి కోయడు. తెల్లారేదాకా ఆగగలడు, ఎందుకంటే తెల్లవారుజామున అవసరపడితే చేతిలో దారి ఉంది. రాత్రి మత్తు డాక్టరు దొరకడన్న భయంతో పగటిపూటే తేల్చేసే కాన్పుల్లో మీ ‘అనవసరమైన’ ఆపరేషన్లు ఎన్నో ఉంటాయి. మనిషికి ఓపిక రావాలన్నా వెనకాల దన్ను ఉండాలి.

ఆయన: ఆ మాట నేను అనుకోనిది, బరువైనది. అయినా ఒక చోట తేడా. మత్తు డాక్టరు రాత్రంతా ఉంటే ఓపిక వస్తుందన్నారు. ప్రైవేటులో పిలిస్తే వస్తారు, డబ్బుకు లోటు లేదు, థియేటరు ఎప్పుడూ తయారే. అక్కడ 81.5 శాతం ఎలా వచ్చింది? వసతి ఉంటే ఓపిక రాదు, వాడకం వస్తుంది.

ఆమె: ప్రైవేటులో ఆపరేషన్‌కు బిల్లు ఉంది, ఎదురుచూపుకు బిల్లు లేదు. జీతానికి పనిచేసే ఏరియా ఆసుపత్రికి ఆ లెక్క వర్తించదు. సరే, ఒకటి తేల్చి చెప్పండి. వైద్య విధాన పరిషత్ జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి రాత్రి డ్యూటీల కోసం ఈ ఏడాది ఒకే ఒక్క ఖర్చుకు ఒప్పుకుంటుంది అనుకుందాం. మీరు దేనికి పెడతారు?

ఆయన: మిడ్‌వైఫ్‌లకు. ఒక మత్తు డాక్టరు జీతంతో ఒకరికి మించే వస్తారు. నొప్పులతో వచ్చిన వందమందిలో అత్యధికులకు రాత్రంతా కావలసింది వాళ్లే. గీత దాటిన కేసును ముందే గుర్తుపట్టి, అర్ధరాత్రికి కాకుండా సాయంత్రమే సంగారెడ్డికో బీదర్‌కో పంపగలిగేదీ వాళ్లే.

ఆమె: నేను మత్తు డాక్టరుకు, రక్తం నిల్వకు. సంగారెడ్డి ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్లు, బీదర్ 30. ముందే గుర్తుపట్టగలిగినవాళ్లను మీ మిడ్‌వైఫ్ పంపుతుంది, నిజమే. బొడ్డుతాడు ముందుకు జారిన బిడ్డను, బిడ్డ పుట్టకముందే మాయ విడిపోయిన తల్లిని ముందే ఎవరు గుర్తుపడతారు? వాళ్లకు ముప్పై కిలోమీటర్ల రోడ్డు కూడా ఎక్కువే.

ఆయన: అలాంటివి వందలో ఒకరో ఇద్దరో. వాళ్ల కోసం మిగతా తొంభై ఎనిమిది మందిని ఆ వెల్లకిలా మంచం మీదే వదిలేద్దామంటారా?

ఆమె: వదలమని అనలేదు, వాళ్లు బతికే ఉంటారని అంటున్నాను. మీ ఏర్పాటులో ఆ ఇద్దరి ఇంటివాళ్లకు మీరు ఏం చెప్తారో అది ముందు చెప్పండి.